పుండు మానింది, నొప్పి మానలేదు

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే మా నాయనమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. గేటు చప్పుడైతే చాలు, ఎదురొచ్చి వీపు నిమిరే మనిషి. ఆ రోజు మంచం మీదే కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టి “ఆగు నాన్నా, ఎడం పక్క తగలబాక” అంది. మేమంతా దుప్పట్లు కప్పుకుని తిరుగుతుంటే ఆవిడ చీర చెంగు కూడా ఒంటికి ఆనకుండా చేత్తో ఎత్తి పట్టుకుని ఉంది. చూద్దామంటే అక్కడ ఏమీ లేదు. పుండు లేదు, వాపు లేదు. వీపు నుంచి పక్కటెముకల మీదుగా ముందుకి పట్టీలాగా కాస్త రంగు మారిన చర్మం, అంతే.

అంతకు ముందు ఆగస్టులో ఆవిడకి అక్కి వచ్చింది. మా ఊళ్లో అక్కి అంటే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, కుమ్మరి తాత. ఆయనొచ్చి జేగురుమట్టితో సింహం బొమ్మ గీసి, అక్కి రాసి వెళ్లాడు. పొక్కులు ఎండాయి, పెచ్చులు రాలాయి. దసరాకల్లా చర్మం మామూలైంది. నొప్పి మాత్రం పోలేదు. “నిప్పులు పోసినట్టు మంట నాన్నా. ఉండుండి కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటది” అనేది. ఊళ్లో చూపిస్తే “మానిపోయిందిగా, ఇంకేముంది” అన్నారు. నాన్న “వయసు మీద పడిందిగా” అన్నాడు. పక్కింటావిడైతే ఇదంతా కోడలి చేత పని చేయించుకోడానికి వేసే నాటకం అని తేల్చేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ మనసులో అలాంటిదే ఏదో అనుకున్నాను. పుండు లేకుండా నొప్పేంటి?

ఆ ప్రశ్నకి నేను వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. నేను చదివేది ఈసీఈ. బయాలజీని పదో తరగతితోనే వదిలించుకున్నాను. కాబట్టి మనకి అలవాటైన భాషలోనే చెబుతాను. సెన్సర్లు, వైర్లు, ఫీడ్‌బ్యాక్ తెలిస్తే చాలు.

సెన్సర్ కాదు, వైరే చెడింది

హాస్టల్లో ఐరన్ బాక్స్ తగిలి వేలు కాలిందనుకోండి. చర్మంలోని నాడి చివర వేడిని పసిగట్టి వెన్నుపాముకి సిగ్నల్ పంపుతుంది, అక్కడి నుంచి మెదడుకి. చెయ్యి వెనక్కి లాక్కుంటాం. వేలు మానితే సిగ్నల్ ఆగిపోతుంది. ఇది పని చేస్తున్న అలారం.

రెండో రకం నొప్పిలో అలారం వైరే దెబ్బ తింటుంది. స్పర్శను, నొప్పిని మోసే నాడీవ్యవస్థకే గాయమో జబ్బో వచ్చి పుట్టే నొప్పిని న్యూరోపతిక్ పెయిన్ అంటారు. మామూలు మాటల్లో నరాల నొప్పి. షుగర్ వ్యాధి ముదిరిన వాళ్లకి అరికాళ్లలో వచ్చే మంట ఇలాంటిదే. కొన్ని క్యాన్సర్ మందుల వల్ల వచ్చే చేతుల, పాదాల తిమ్మిరి, మంట కూడా ఈ జాతివే. వీటిలో ఒక విచిత్రం ఉంటుంది. నొప్పి పుట్టించకూడనివి కూడా నొప్పి పుట్టిస్తాయి. చీర చెంగు తగలడం, ఫ్యాన్ గాలి, మనవడి చెయ్యి. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు అలోడీనియా. నాయనమ్మ కొంగు ఎత్తి పట్టుకుని కూర్చోవడం నాటకం కాదు, పాఠ్యపుస్తకంలో ఉన్న లక్షణం.

ఇక అక్కి సంగతి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది కదా, ఆ వైరస్ మాత్రం ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన, రెండు వైపులా, స్పర్శ నాడుల కణాలు గుంపుగా ఉండే చిన్న ముడులుంటాయి. వాటిని డోర్సల్ రూట్ గ్యాంగ్లియా అంటారు. వైరస్ అక్కడ దాక్కుని దశాబ్దాల తరబడి నిద్రపోతుంది. దాన్ని నిద్రలోనే ఉంచేది మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు. వయసుతో వాటి పట్టు సడలితే వైరస్ లేచి, ఆ ఒక్క ముడి నుంచి బయల్దేరే నాడి వెంబడి చర్మానికి వస్తుంది. అందుకే అక్కి ఒంటికి ఒక పక్కనే, పట్టీలాగా వస్తుంది. పొక్కులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానతాయి. వచ్చే దారిలో నాడి పడ్డ దెబ్బ అంత తేలిగ్గా మానదు. అక్కి వచ్చిన మూడు నెలల తర్వాత కూడా నొప్పి మిగిలి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. సంక్రాంతి తర్వాత గుంటూరు తీసుకెళ్లి ఒక నరాల డాక్టరుకి చూపిస్తే ఆయన చీటీ మీద రాసిన పేరు అదే.

ఇంతవరకూ అర్థమైంది. కానీ నాడికి దెబ్బ తగిలింది ఆగస్టులో. వైరస్ మళ్లీ పడుకుని నెలలైంది. జనవరిలో కూడా ఆ వైరు ఎందుకు అరుస్తోంది? దీనికి జవాబు నాడిలోనే దొరుకుతుందని చాలాకాలం అనుకున్నారు. గత ముప్పై ఏళ్లలో దొరికిన జవాబులో సగం నాడి బయట ఉంది. ఆ సగం పేరు రోగనిరోధక కణాలు.

మరమ్మతుకి వచ్చిన మనుషులు

1850లో అగస్టస్ వాలర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కప్ప నాలుకకి వెళ్లే నాడిని కత్తిరించి చూశాడు. తెగిన చోటు నుంచి అవతలి భాగం క్రమంగా ముక్కలైపోతుందని గమనించాడు. ఆ ముక్కల్ని ఎత్తిపోసే పని ఎవరిదంటే మాక్రోఫేజ్‌లది. చెత్తని, క్రిముల్ని మింగేసే కణాలు మన ఒంట్లో ఉన్నాయని 1882లో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లల్లో ముల్లు గుచ్చి కనిపెట్టాడు. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది. మాక్రోఫేజ్‌లు ఆ మింగే జాతివే.

నాడికి దెబ్బ తగలగానే ముందు న్యూట్రోఫిల్స్, వెనకే మాక్రోఫేజ్‌లు, తర్వాత టీ కణాలు అక్కడికి చేరతాయి. ఇది మంచికే. చెత్త ఎత్తకపోతే కొత్త నాడి మొలవదు. అయితే వచ్చినవాళ్లు నిశ్శబ్దంగా పని చేయరు. ఒకరినొకరు పిలుచుకోడానికి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి రసాయనాలు వదులుతారు. ఇవి కణాల మధ్య నడిచే మెసేజ్‌లు. చిక్కేంటంటే, ఈ మెసేజ్‌లు చదవగల రిసెప్టర్లు నొప్పి నాడులకి కూడా ఉన్నాయి. గ్రూపులో పెట్టిన మెసేజ్ పక్కవాడికీ వెళ్లినట్టు, నాడి కూడా వాటిని అందుకుని మరింత సున్నితమైపోతుంది.

ఎలా అంటే, మన మిరపకాయ కథ చూడండి. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నొప్పి నాడుల మీదున్న టీఆర్‌పీవీ1 అనే చానెల్‌ని తెరుస్తుంది. ఆ చానెల్‌ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021 నోబెల్‌లో ఆయన వాటా దీనికే. అసలు అది వేడిని కొలిచే సెన్సర్. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుంటుంది. కారం తిన్నప్పుడు నోరు ‘మండింది’ అనడం ఉత్త పోలిక కాదన్నమాట, వేడికీ కారానికీ సెన్సర్ ఒకటే. ఇప్పుడు రోగనిరోధక కణాలు వదిలిన రసాయనాలు ఆ థ్రెషోల్డ్‌ని కిందికి దించేస్తాయి. 43 దగ్గర తెరుచుకోవాల్సిన తలుపు మామూలు ఒంటి వేడికే తెరుచుకోవచ్చు. పుండు మీద కారం చల్లినట్టు అంటాం కదా, ఎవరూ చల్లకుండానే చల్లినట్టవుతుంది.

ఇంకో సంగతి. నాడి కూడా ఊరుకోదు. రెచ్చిన నాడి తన చివరల నుంచి కొన్ని రసాయనాలు వదిలి రోగనిరోధక కణాల్ని ఇంకా పిలుస్తుంది. అవి వచ్చి నాడిని ఇంకా రెచ్చగొడతాయి. మన ఫెస్టులో యాంకర్ మైకు పట్టుకుని స్పీకరు ముందుకెళ్తే ‘కుయ్’మని అరుస్తుంది చూడండి, అదే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. మొదట మాట్లాడిన మాట ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అరుపు మాత్రం ఆగదు. 2020లో వచ్చిన ఒక ఎలుకల అధ్యయనంలో, దెబ్బ తగిలిన చోట కాదు, ఆ వెన్నెముక పక్క ముడుల్లో పోగైన మాక్రోఫేజ్‌లే నొప్పిని మొదలుపెట్టడంలోనూ నిలబెట్టడంలోనూ పాత్ర వహిస్తున్నాయని తేలింది. వాటిని తొలగిస్తే నొప్పి తగ్గింది.

బ్రేకు తొక్కితే బండి దూకింది

రెండో అంకం వెన్నుపాములో. అక్కడ, మెదడులో కూడా, మైక్రోగ్లియా అనే కాపలా కణాలు ఉంటాయి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రీయో ఒర్తెగా వీటిని విడిగా గుర్తించి పేరు పెట్టాడు. చాలాకాలం వీటిని చెత్త ఊడ్చే పనివాళ్లుగానే చూశారు.

2003లో జపాన్‌కి చెందిన మకోతో త్సుదా, కజుహిదే ఇనోవె, కెనడాకి చెందిన మైకేల్ సాల్టర్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఎలుకకి కాలి నాడి దెబ్బ తింటే, ఆ నాడి చేరే చోట వెన్నుపాములో మైక్రోగ్లియా మేల్కొంటాయి. వాటి మీద ఏటీపీని పసిగట్టే ఒక రిసెప్టర్ పెరుగుతుంది. ఏటీపీ అంటే మనం స్కూల్లో ‘కణానికి కరెన్సీ’ అని బట్టీ పట్టిందే. ఇక్కడ అది కబురు మోస్తుంది. ఆ రిసెప్టర్‌ని అడ్డుకుంటే ఎలుకకి స్పర్శ నొప్పి తగ్గింది. అంతటితో ఆగలేదు. ఏటీపీతో రెచ్చగొట్టిన మైక్రోగ్లియాని ఏ దెబ్బా లేని ఎలుక వెన్నుపాము దగ్గరికి ఎక్కిస్తే, దానికి తాకితే నొప్పి మొదలైంది. ఈ మాట దగ్గర నేను చదవడం ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నాడికి గీత కూడా పడలేదు, నొప్పి మాత్రం నిజం.

2005లో వీళ్లే, ఇవ్ ద కోనింక్ అనే కెనడా శాస్త్రవేత్తతో కలిసి, అది ఎలా జరుగుతుందో చూపించారు. ఈసీఈ వాళ్లకి ఈ భాగం నచ్చుతుంది. వెన్నుపాములో నొప్పి సిగ్నల్‌ని తగ్గించే బ్రేకు నాడులు ఉంటాయి. ఇవి గాబా అనే రసాయనంతో ఎదుటి కణంలో క్లోరైడ్ తలుపులు తెరుస్తాయి. మామూలుగా కణం లోపల క్లోరైడ్ తక్కువ, కాబట్టి అది లోపలికి ప్రవహిస్తుంది. నెగెటివ్ చార్జ్ లోపలికొస్తే కణం శాంతిస్తుంది. లోపల క్లోరైడ్ తక్కువ ఉండేలా చూసేందుకు ఒక పంపు నిరంతరం తోడిపోస్తూ ఉంటుంది. రెచ్చిన మైక్రోగ్లియా బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంది. దాంతో ఆ పంపులు తగ్గిపోతాయి. లోపల క్లోరైడ్ పోగవుతుంది. ఇప్పుడు గాబా తలుపు తెరిస్తే క్లోరైడ్ బయటికి పోతుంది, కణం శాంతించాల్సింది పోయి రెచ్చిపోతుంది. సర్క్యూట్‌లో ఒక్క వైరూ మార్చకుండా మైనస్ గుర్తు ప్లస్ అయిపోయింది. బ్రేకు తొక్కితే బండి ముందుకి దూకినట్టు.

చెంగు తగిలితే నిప్పు తగిలినట్టు ఎందుకుంటుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. స్పర్శకీ నొప్పికీ మధ్య వెన్నుపాములో ఉన్న గోడ ఈ బ్రేకులే. అవి పోతే స్పర్శ నేరుగా నొప్పి లైన్లోకి వచ్చి పడుతుంది.

ఆడ ఎలుకల్ని అడగలేదు

ఇంత బాగా అర్థమయ్యాక మందు వచ్చేసి ఉండాలి కదా. రాలేదు. ఎందుకు రాలేదో తెలిపే రెండు సంగతులున్నాయి.

మొదటిది. నొప్పి పరిశోధనల్లో చాలా ఏళ్ల పాటు ఎక్కువగా మగ ఎలుకల్నే వాడారు. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ అయినా సరే. 2015లో జెఫ్రీ మోగిల్, మైకేల్ సాల్టర్ బృందాలు ఆడ ఎలుకల్లోనూ అదే ప్రయోగం చేశాయి. మైక్రోగ్లియాని ఆపితే మగ ఎలుకల నొప్పి తగ్గింది, ఆడ ఎలుకల్లో తగ్గలేదు. ఆడ ఎలుకలు అదే నొప్పికి వేరే దారి వాడుతున్నాయి, బహుశా టీ కణాల దారి. టీ కణాలు లేని ఆడ ఎలుకల్లో మాత్రం మళ్లీ మైక్రోగ్లియా దారే పని చేసింది. బయటికి ఒకేలా కనిపించే నొప్పికి లోపల రెండు సర్క్యూట్లు ఉన్నాయన్నమాట. మా ఇంట్లో నాయనమ్మని ఎవరూ సరిగ్గా అడగలేదు. ప్రయోగశాలల్లో కూడా అడగలేదని చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండోది. ప్రొపెంటోఫిలిన్ అనే మందు ఎలుకల్లో ఈ గ్లియా కణాల్ని శాంతింపజేసి నొప్పిని తగ్గించింది. సరిగ్గా మా నాయనమ్మ లాంటి వాళ్ల మీద, అంటే అక్కి తర్వాతి నొప్పి ఉన్న రోగుల మీద, పరీక్షిస్తే పని చేయలేదు. 2012లో ప్రచురించిన ఆ ఫలితంతో పాటు, మనిషి మైక్రోగ్లియా ఎలుక మైక్రోగ్లియా లాగా ఆ మందుకి స్పందించడం లేదని కూడా చూపించారు. సిమ్యులేషన్‌లో ఆడిన సర్క్యూట్ బోర్డు మీద ఆడకపోవడం మనకి కొత్తేం కాదు.

మంటని ఆర్పేదీ వాళ్లే

ఇక్కడికొచ్చేసరికి రోగనిరోధక కణాలే విలన్లు, వాటి నోరు మూయిస్తే సరి అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత చదివింది ఆ ఆలోచనని తిరగేసింది.

2022లో త్సుదా బృందమే ఇంకో సంగతి బయటపెట్టింది. నాడి దెబ్బ తిన్న ఎలుకల్లో కొన్ని వారాలకి ఒక ప్రత్యేక రకం మైక్రోగ్లియా తయారవుతుంది. అవి ఐజీఎఫ్1 అనే ప్రొటీన్ వదులుతాయి, నొప్పి తగ్గుముఖం పడుతుంది. వాటిని తీసేస్తే ఎలుక కోలుకోదు. కోలుకున్నాక తీసేస్తే నొప్పి తిరగబెడుతుంది. అంటే నొప్పిని రాజేసిన జాతి నుంచే ఆర్పేవాళ్లూ పుడుతున్నారు, పైగా కాపలాగా కూడా ఉంటున్నారు.

అదే ఏడాది మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన నడుము నొప్పి రోగుల రక్తాన్ని పరిశీలించింది. మొదట్లో న్యూట్రోఫిల్స్ చురుగ్గా పని చేసినవాళ్లకి నొప్పి తగ్గిపోయింది. నిలిచిపోయినవాళ్లలో ఆ చురుకు కనిపించలేదు. ఎలుకల్లో మొదట్లోనే వాపుని అణిచే మందులిస్తే, అప్పటికి హాయిగా ఉన్నా నొప్పి ఎక్కువ కాలం నిలిచింది. దీన్ని పట్టుకుని డాక్టరు రాసిన మాత్రలు మానేయకండి, అది మనుషుల మీద జరిగిన మందుల పరీక్ష కాదు. కానీ వాపు అంటే అడ్డొచ్చే చెడు కాదనీ, మానడంలో అది ఒక భాగమనీ చెబుతోంది.

2025లో మరొకటి. వెన్నుపాము చుట్టూ ఉండే పొరల్లోని రెగ్యులేటరీ టీ కణాలు ఆడ ఎలుకల్లో ఎన్‌కెఫాలిన్ తయారు చేసి నొప్పిని తగ్గిస్తున్నాయని తేలింది. ఎన్‌కెఫాలిన్ అంటే ఒళ్లు తనకి తాను తయారు చేసుకునే మార్ఫిన్ లాంటి పదార్థం. మగ ఎలుకల్లో ఈ పని కనిపించలేదు.

కాబట్టి నాకు అర్థమైన మేరకు అసలు విషయం ఇది. నిలిచిపోయిన నరాల నొప్పి అంటే ఆగస్టు నాటి గాయం మిగులు కాదు. మరమ్మతుకి వచ్చినవాళ్లు పని ముగించి ఇంటికెళ్లకపోవడం, వెళ్లండని చెప్పాల్సిన వాళ్లు సమయానికి రాకపోవడం. దానికి మందు అందర్నీ తరిమేయడం కాదు. ముగించడం వచ్చినవాళ్లని ముందుకి తేవడం. పరిశోధన ఇప్పుడు ఆ వైపు నడుస్తోంది.

మరి ఈలోగా

ఈలోగా ఉన్నవి కొన్ని ఉన్నాయి. నరాల నొప్పికి మామూలు పారాసెటమాల్ పెద్దగా పని చేయదు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వాడతారు, డాక్టరు చెప్పిన మోతాదులో. పెద్దవాళ్లకి వీటితో మగత, తూలడం ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. లిడోకెయిన్ పట్టీలుంటాయి. చిత్రమేంటంటే 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ కూడా ఈ నొప్పికి ఒక చికిత్స. కారం అంతలా పోస్తే ఆ నాడి చివరలు కొన్నాళ్లు పని మానేస్తాయి. ముల్లుని ముల్లుతో తీయడమే.

అన్నిటికన్నా ముఖ్యం, మీ ఇంట్లో ఎవరికైనా అక్కి వస్తే మొదటి 72 గంటలు. యాంటీవైరల్ మాత్రలు ఆలోపు మొదలుపెడితే పొక్కులు త్వరగా మానతాయి, అప్పటి నొప్పీ తగ్గుతుంది. అక్కి రాయించుకుంటే రాయించుకోండి, కుమ్మరి తాత మీద నాకేం కోపం లేదు. అదే రోజు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి. 50 దాటినవాళ్లకి రెండు డోసుల టీకా ఉంది. మన దేశంలోనూ దొరుకుతోంది, ఖరీదు ఎక్కువే. అది టీ కణాలకి ఆ పాత వైరస్‌ని మళ్లీ గుర్తు చేస్తుంది.

మందు మొదలుపెట్టిన నెలన్నరకి నాయనమ్మకి ఫోన్ చేశాను. “మంట ఉంది కానీ రాత్రిళ్లు కన్ను మూతపడుతోంది” అంది. నేను చదివిందంతా, మైక్రోగ్లియా అనకుండా, నాకు చేతనైనట్టు చెప్పాను. నీ నరంలో మంట నిజంగానే ఉంది నాయనమ్మా, పైకి కనపడదంతే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఆ ముక్క మీ నాన్నకి కూడా చెప్పు నాన్నా” అంది.

చెప్పాను. మొన్న ఇంటికెళ్లినప్పుడు నాన్న ఆవిడ మంచాన్ని ఫ్యాన్ గాలి తగలని మూలకి జరిపి ఉంచాడు. నేను కుడి పక్కన కూర్చున్నాను.